ఊక ట్రిప్పు, మన్ను ట్రిప్పు

మా బావ, అంటే మా ఆయన అన్న, భూమ్మీద ఉన్న సమస్త వస్తువులనూ ట్రిప్పుల్లో కొలుస్తాడు. ట్రిప్పు అంటే ట్రాక్టరు ట్రక్కు నిండా ఒకసారి. ఇసుక రెండు ట్రిప్పులు, కంకర మూడు ట్రిప్పులు, పెంట ఒక ట్రిప్పు, గడ్డి నాలుగు ట్రిప్పులు. ఆయన లెక్కలో ఇవన్నీ ఒకే జాతి. ట్రక్కు నిండిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దేనితో నిండింది అన్నది చదువుకున్నవాళ్లు పనిలేక వేసే ప్రశ్న. ఆ ఇంట్లో చదువుకున్నవాళ్లు అంటే నేను.

ఆయన వ్యాపారం ఊక. మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర ఊక కొని సూర్యాపేట చుట్టుపక్కల ఇటుక బట్టీలకూ కోళ్లఫారాలకూ వేస్తాడు. పాతికేళ్లుగా చేస్తున్నది అదే. ఏళ్ల తరబడి ఒకే వస్తువును మోసినవాడికి ట్రక్కు నిండితే ఎంత బరువో ఎన్నడూ మారదు. సాంద్రత మారనంత కాలం ఘనపరిమాణమే బరువు. ఆ ఒక్క చోట మా బావ లెక్క శుద్ధమైన లెక్క, ఏ ప్రొఫెసరూ తప్పు పట్టలేడు. చిక్కల్లా దేవుడు ప్రపంచం మొత్తాన్ని ఊకతో చెయ్యకపోవడమే.

నాది కోదాడ. అక్కడే బీఎస్సీ చదివాను. పెళ్లయి సూర్యాపేట వచ్చాక ఇక్కడి ప్రభుత్వ బడుల్లోనే భౌతికశాస్త్రం చెబుతున్నాను. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత అని ఏటా ఎనిమిదో తరగతి బోర్డు మీద రాస్తాను. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని అడుగుతాను. సగం మంది ఇనుము అని అరుస్తారు. మిగతా సగం, ఎవరో ముందే చెప్పి ఉంటారు కాబట్టి, రెండూ ఒకటే అని గర్వంగా అరుస్తారు. ఆ రెండో సగాన్ని చూసి మురిసిపోవాల్సిన పనేమీ లేదు. సరే, బకెట్టు దూది బరువా, బకెట్టు ఇనుము బరువా అని మార్చి అడగండి. "రెండూ ఒకటే టీచర్" అని మళ్లీ అదే గర్వంతో అరుస్తారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లకు పదమూడేళ్లు. మా బావకు యాభై ఆరు.

సూర్యాపేటలో మా ఇల్లు మా మామ కట్టించింది. రెండు వాటాలు. ఒకదాంట్లో బావ కుటుంబం, ఒకదాంట్లో మేము. మామ పోయాక మా అత్త ఈశాన్యం మూల గదిలో ఉంటోంది. ఆ గదికి వీధివైపు పెద్ద కిటికీ ఉంది. ఇంట్లో ఏ వానకైనా ముందుగా చెమర్చే స్లాబు కూడా ఆ గదిదే. మూల దగ్గర పెచ్చు ఊడిపోయి తుప్పు పట్టిన చువ్వ కనిపిస్తుంటుంది. దాన్ని బాగు చేయించండని ఏటా నేను మొత్తుకుంటాను. ఏటా వాళ్లు సున్నం వేయిస్తారు. సున్నం వేస్తే చువ్వ కనపడదు. కనపడకపోతే తుప్పు లేనట్టే. ఇదీ మా ఇంటి ఇంజనీరింగు.

నిరుడు వేసవి చివర్లో మా బావకు మిద్దె తోట పిచ్చి పట్టింది. ఫోనులో వీడియోలు చూశాడు. ఎవరో ఒకాయన తన మిద్దె మీద కాసిన సొరకాయను చంటిబిడ్డలా ఎత్తుకుని మాట్లాడుతుంటాడు. అది చూసినవాడు ఊరుకుంటాడా? ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ట్రాక్టరు, మెట్ల నిండా ఎర్రమన్ను, పైకీ కిందికీ తట్టలతో కూలీలు. మిద్దె ఎక్కి చూస్తే సరిగ్గా మా అత్త గది మీద ఇటుకలు వరసగా పేర్చి, మూరెడు ఎత్తున మళ్లు కట్టేశారు. మా బావ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏంటి బావా ఇదంతా?"

"తోట, టీచరమ్మా. జర ఓపిక వట్టు, మందు కొట్టని టమాట తినవెడ్త."

"ఎంత మన్ను పోయించారు?"

"ఎంతనో ఏంది? రెండు ట్రిప్పులు. ఒకటి ఎర్రమన్ను, ఒకటి పెంట గలిపిన మన్ను."

"కింద అత్తమ్మ గది ఉంది."

"ఉంటే? గీడనే ఎండ మంచిగొస్తది."

"స్లాబు ఆగుతుందా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. సాక్ష్యం చెప్పబోయే పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాడు. "నిరుడు గోదాంల నీళ్లొచ్చినయని గిదే జాగల రెండు ట్రిప్పుల ఊక వెట్టిన. యాదుందా? వానకాలమంత ఉండె. ఏమన్నయిందా?"

"ఏమీ కాలేదు. అది ఊక కదా!"

"అదీ రెండు ట్రిప్పులే, ఇదీ రెండు ట్రిప్పులే. నిరుడు మోసిన స్లాబు ఈయేడు మొయ్యదా? స్లాబుకేమన్న వయసైపోయిందా?"

కూలీలు నవ్వారు. మా ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి దూరంగా ఏదో చూస్తున్నాడు. అన్న మాట్లాడుతున్నప్పుడల్లా మా ఆయనకు ఆకాశంలో ఏదో ఒకటి కనబడుతుంది. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ ఆకాశంలో ఏముందో నాకింతవరకూ తెలియదు.

స్లాబుకు నిజంగానే వయసైపోయింది అని చెప్పి చూశాను. వినలేదు. సరే, మాటలతో పని కాదు, కళ్లకు చూపిద్దామనుకున్నాను. పంతుళ్లకు ఉండే పెద్ద మూఢనమ్మకం ఇదే. కళ్లారా చూస్తే మనిషి నమ్ముతాడనుకుంటాం.

ఆదివారం పొద్దున వాకిట్లో బరువు చూసుకునే మిషను పెట్టాను. బావ గోదాము నుంచి తెప్పించిన ఊకను ఒక బకెట్టులో అంచుదాకా నింపాను. బకెట్టుతో కలిపి రెండున్నర కిలోలు. అదే బకెట్టు ఖాళీ చేసి మిద్దె మీది ఎర్రమన్ను అంచుదాకా నింపాను. ఈసారి దాన్ని మిషను మీదికి ఎత్తడానికి మా ఆయన్ని పిలవాల్సి వచ్చింది. ఇరవై కిలోలు. మా బావ అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ చూస్తున్నాడు.

"ఇది పొడి మన్ను బావా. ఇప్పుడు చూడండి" అని చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఒక చెంబు పోశాను, తాగేసింది. ఇంకొకటి పోశాను, అదీ తాగేసింది. అలా ఆరు చెంబులు. మన్నుకు రేణువుల మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో గాలి ఉంటుంది. నీళ్లు పోస్తే గాలి బయటికి వస్తుంది, నీళ్లు అక్కడ కూర్చుంటాయి. బకెట్టు పొంగదు. పొంగకపోగా మన్ను వేలెడు కిందికి దిగింది. మిషను మాత్రం ఇరవై ఆరు దాటింది. నాకు చిన్నప్పటి నుంచీ ఇది చూస్తే ముచ్చటే. చోటు తగ్గింది, బరువు పెరిగింది. బండ తలకాయకైనా ఇంతకంటే సులువుగా ఏం చూపించగలం?

"చూశారా? అదే బకెట్టు. ఊకైతే రెండున్నర. తడిమన్నైతే ఇరవై ఆరు. పైగా మన్ను కిందికి దిగింది కూడా. రేపు వానలు పడితే పైన జరిగేది ఇదే."

మా బావ నోరు పుక్కిలించి ఉమ్మాడు. "నువ్వు బకెట్ల వోసినవ్ గనక గంత బరువొచ్చింది. మేం పరిసినం గద."

"పరిస్తే బరువు ఎక్కడికి పోతుంది?"

"పల్చగయితది."

"మూరెడు లోతు పల్చనా?"

"సరే, నేనొకటి అడుగుత చెప్పు. బురదల నిలవడితె దిగవడ్తవ్. అదే బురదల ఎల్లెలకల పండుకుంటె దిగవడవ్. ఎందుకు? బరువు పల్చగయినట్టా, కానట్టా?"

నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ప్రశ్న మంచిది. తరగతిలో ఏ పిల్ల అయినా అడిగి ఉంటే చప్పట్లు కొట్టించేదాన్ని. బరువు అంతే ఉంటుంది, ఒక్కో చోట పడే ఒత్తిడి మాత్రం తగ్గుతుంది, అందుకే ఏ స్లాబైనా జానెడు చోటుకు ఎంత మోస్తుందో ముందు చూసుకోవాలి. ఇదంతా ఓపికగా చెప్పాలి. నా దగ్గర ఓపిక అయిపోయింది.

"బురద కింద భూమి ఉంది బావా. స్లాబు కింద మీ అమ్మ ఉంది."

"ఏయ్, పొద్దుపొద్దుగాల అవేం మాటలు?" అని లేచి వెళ్లిపోయాడు. నేనేదో శాపం పెట్టినట్టు, ఆయన పోసిన రెండు ట్రిప్పుల కంటే నేనన్న ఒక్క మాటే ఎక్కువ బరువైనట్టు.

బావతో కాదని అత్త దగ్గరికి వెళ్లాను. కనీసం మంచం మార్చుకో అత్తమ్మా, మా గదిలోకి రా, మేం హాల్లో పడుకుంటాం అన్నాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటినా చెవులు పాము చెవులు. వాకిట్లో జరిగిందంతా వింది.

"నా మీద మన్నువోసేటోడు ఆఖరికి వాడే గద పిల్లా" అంది. "జర ముందుగల్ల పోస్తుండు. గంతే."

"నవ్వులాట కాదు. నిజంగా పడితే?"

"పడితె పడితది. నీ అర్రల నేను పండుకుంటె బజార్ల ఎవలొచ్చిండ్రు, ఎవలు పోయిండ్రు నాకెట్ల తెలుస్తది? గోడకు మొకంబెట్టి కూసోమంటవా?"

"కొన్నాళ్లే కదా."

"మంచం ఎట్ల తెస్తవ్?"

అదీ నిజమే. ఆమెది టేకు బల్లమంచం. గది కట్టాక వడ్రంగిని లోపల కూర్చోబెట్టి చేయించిందట. తలుపులోంచి బయటికి రాదు. ఆ మంచం లేకుండా ఆమెకు నిద్ర రాదు. మా ఇంట్లో తెలివితేటలు ఏ ఒక్కరి సొత్తూ కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు తెలిసిన ఒక సైటు ఇంజనీరును బతిమాలి తీసుకొచ్చాను. ఆయన కిందా మీదా చూసి, ముందు ఆ మన్ను తీయించేయండి అని ఒకే మాట చెప్పాడు. మా బావ ఆయనకు టీ ఇచ్చి మర్యాదగా సాగనంపాడు. తర్వాత నాతో, "ఇంజనీరు ఇండ్లు కట్టిస్తడు గని తోటల సంగతి ఆయనకేమెరుక?" అన్నాడు.

వానలు మొదలయ్యాయి. మళ్లల్లో టమాట నారు, గోంగూర, పందిరికి బీర తీగ. పైన పచ్చగా చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కింద అత్త గదిలో మూల నుంచి మధ్యకు ఒక బీట కనబడింది. అది పాతదే అన్నారు. సరే, పాతదో కొత్తదో తేలుద్దామని స్టూలెక్కి ఆ బీటకు అడ్డంగా పల్చని కాగితం ముక్క జిగురుతో అంటించాను. బీట కదలకపోతే కాగితం అలాగే ఉంటుంది. మొదటి పెద్ద వాన తర్వాత కాగితం మధ్యకు చిరిగింది. దాన్ని తీసుకెళ్లి బావకు చూపించాను.

"కాయితం తడిస్తె చినుగదా?" అన్నాడు.

ఆ తర్వాతి వారం అత్త స్నానానికి వెళ్లినప్పుడు పక్క సర్దుదామని ఆ గదిలోకి వెళ్లాను. దిండు మీద నా అరచేతంత సిమెంటు పెచ్చు పడి ఉంది. తల పెట్టే చోట గుంట ఉంటుంది కదా, సరిగ్గా ఆ గుంటలో.  బయటికి నేను ఎంత నోరుగల దాన్నైనా, ఆ ముసలమ్మ నా ఇద్దరు పిల్లల్నీ కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసి పెంచింది. నేను బడికి వెళ్లి వచ్చేవరకూ వాళ్లను చంక దించలేదు. ఆ పెచ్చు పట్టుకుని బావ వాటాలోకి వెళ్లాను. 

"ఇది మీ అమ్మ దిండు మీద పడింది."

ఆయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాత ఇల్లు. పెచ్చులూడుతయ్. దసరాకు సున్నమేపిద్దాం."

అప్పుడు మా ఆయన ఆకాశంలోంచి కిందికి దిగి, "అన్నా, జర మన్ను తగ్గిద్దామే" అన్నాడు.

"నువ్వు గూడ షురూ జేసినవా? పెండ్లాం చెప్తే ట్రిప్పు ట్రిప్పు కాకుంట పోతదా?"

మా ఆయన మళ్లీ పైకి వెళ్లిపోయాడు, తన ఆకాశంలోకి. నేను ఆ రోజు నుంచి అత్త తలను కిటికీ వైపు కాకుండా తలుపు వైపు పెట్టించాను. నా డిగ్రీ, నా ఇరవై మూడేళ్ల సర్వీసు కలిసి సాధించింది ఆ మంచం మీద దిండును ఒక కొస నుంచి ఇంకో కొసకు మార్చడం.

ఇలా ఉండగా మా ఇంటికి వాస్తు పండితుడు వచ్చాడు. మా కోదాడ వైపు నుంచే వచ్చాడు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. బావ కొత్త గోదాముకు స్థలం చూపించడానికి పిలిపించాడు. దారిలో ఇంట్లో టీకి దిగారు. టీ తాగాక తోట చూద్దురు రండని బావ ముచ్చటగా పైకి తీసుకెళ్లాడు. ఆయన మెట్ల మీదే ఆగిపోయి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో, ఏం చేశారండీ! ఈశాన్యంలో ఇంత బరువా?"

నేను చెవులు నమ్మలేకపోయాను. రెండు నెలల నుంచి ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ ఒప్పుకోని మాట అది. బరువు!

"తప్పా పంతులుగారూ?" అన్నాడు మా బావ. ముఖం పాలిపోయింది.

"తప్పంటే మామూలు తప్పు కాదు. ఇంటి పెద్దకొడుకు సంపాదన కిందికి లాగేస్తుంది. ఈశాన్యం ఎప్పుడూ తేలిగ్గా ఉండాలి. తీసెయ్యండి, వెంటనే తీసెయ్యండి."

"ఎంత బరువుందో మీకెలా తెలిసిందండీ?" అన్నాను నేను.

"కనబడ్డంలేదా అమ్మా, మన్ను!"

బకెట్టు, మిషను, నీళ్లు, కాగితం ముక్క, పెచ్చు, ఇంజనీరు. ఇవన్నీ చెయ్యలేని పని ఒక్క ముక్కలో అయిపోయింది. సంతోషించాలా, గోడకు తల బాదుకోవాలా అని నేను తేల్చుకునేలోపే ఆయన మిగతా సగం చెప్పాడు.

"ఇదంతా నైరుతికి మార్చండి. నైరుతి ఎంత బరువైనా మోస్తుంది."

నైరుతి మూల కింద ఉన్నది మా పడకగది.

"నైరుతిలో చువ్వలు లావువి వేశారా అండీ?" అన్నాను.

"అమ్మా, ఇది శాస్త్రం."

"నేను రెండు నెలల నుంచి చెబుతున్నదేంటి మరి?"

"మీరు చెప్పేది సైన్సు" అన్నాడాయన, పాపం, చాలా జాలిగా.

మా బావ ఆయన చేతికి పండూ తాంబూలం ఇచ్చాడు. నాకు మాత్రం, "సూసినవా, చదువుకున్నోళ్లు చెప్తె గిట్లుంటది" అన్నాడు. అమ్మ దిండు మీద పెచ్చు పడితే దసరా దాకా ఆగగలిగిన మనిషి, సంపాదన మాట వచ్చేసరికి ఒక్క రోజుకు మించి ఆగలేకపోయాడు.

తెల్లారితే కూలీలు దొరకలేదు. నాట్ల రోజులు, ఊళ్లో మనుషులంతా పొలాల్లో ఉన్నారు. అయినా ఆయన ఆగలేదు. ఎంతదూరమని, ఈ మూల నుంచి ఆ మూలకే కదా, మనమే మోసేద్దాం అన్నాడు. గోదాము నుంచి ఊక సంచులు తెప్పించాడు. ఊక సంచులు మామూలు బియ్యం సంచుల్లా ఉండవు, మనిషి దాక్కోవచ్చు. ఊక తేలిక కాబట్టే అంత పెద్దవి కుట్టిస్తారు. ఆ ఒక్క విషయం ఆలోచించినా ఆయనకు సాంద్రత అంటే ఏమిటో తెలిసిపోయేది. పాతికేళ్లు ఆ సంచులు ఆయన చేతుల్లోనే ఉన్నాయి మరి.

మా ఆయన పార తీసుకుని సంచి నింపుతున్నాడు. రాత్రి వాన పడింది, మన్ను నల్లబడి ముద్దగా ఉంది. నేను పిట్టగోడ దగ్గర నిలబడి, మా గది మీదికి ఒక్క తట్ట వస్తే కూడా ఒప్పుకునేది లేదని గొడవ పెడుతున్నాను. నన్నెవరూ పట్టించుకోవడంలేదు. సంచి నడుము దాకా నిండింది. అంత ఎందుకు నింపావని మా ఆయన్ని నేను తర్వాత కూడా అడగలేదు.

"సగం తీయండి బావా. అది లేవదు" అన్నాను.

"పాతికేండ్ల సంది ఎత్తుతున్న గీ సంచిని. పక్కకు జరుగు."

ఆయన అలవాటు చొప్పున కాళ్లు ఎడంగా పెట్టి, సంచి రెండు చెవులూ పట్టుకుని, ఒక్క ఊపులో భుజం మీదికి విసరబోయాడు. ఊక సంచి అలాగే లేస్తుంది, నేనూ చూశాను. ఈ సంచి లేవలేదు. కదలను కూడా కదల్లేదు. లేవాల్సిందంతా మా బావ నడుములోకి వెళ్లిపోయింది. వంగినవాడు వంగినట్టే ఉండి, "అమ్మో" అని ఒక సన్నని శబ్దం చేశాడు. అంత పెద్ద మనిషిలోంచి అంత సన్నని శబ్దం వస్తుందని నేననుకోలేదు.

ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు మగవాళ్లు వచ్చి మెల్లగా కిందికి దించారు. మెట్లు దిగగానే ఉన్న గది మా అత్తది. అంతకంటే ఒక్క అడుగు కూడా మోయనివ్వలేదు, అరిచాడు. డాక్టరు వచ్చి చూసి, ఇంజెక్షను ఇచ్చి, పరుపులు వద్దు, గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి, కొన్నాళ్లు కదలొద్దు అని చెప్పి పోయాడు. ఇంట్లో గట్టి బల్ల ఉన్న మంచం ఒక్కటే. నేను రెండు నెలలు బతిమాలినా కదలని మా అత్త, కొడుకు కోసం తమలపాకుల డబ్బా తీసుకుని కిటికీ పక్క కుర్చీలోకి మారింది.

వెల్లకిలా పడుకున్న మనిషికి చూడ్డానికి పైకప్పు తప్ప ఏముంటుంది?

నేను బడికి బయల్దేరేదాకా మూలుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం కాసేపు ఫోను చూడబోయాడట, చెయ్యి ఎత్తితే నడుము లాగుతోందని మానేశాడట.  సాయంత్రం బడి నుంచి వచ్చి టీ ఇవ్వడానికి వెళ్లాను. రెప్ప వెయ్యకుండా పైకి చూస్తున్నాడు.

"టీచరమ్మా, ఆ చువ్వ మొదటి సంది గట్లనే ఉన్నదా?"

"ఎప్పటి నుంచో ఉంది."

"బీట మరి? పొద్దున గంత పొడుగు లేకుండె గద?"

"కాగితం అంటించమంటారా?"

 బయట పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. దూరంగా ఒక ఉరుము ఉరిమింది. కిటికీ ఊచలు సన్నగా గలగలమన్నాయి. ఆయన కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"పైన మొత్తం ఎంతుంటది?"

పాతికేళ్ల నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయన నన్ను నిజంగా ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నేను కుర్చీ లాక్కుని కూర్చుని తీరిగ్గా చెప్పాను. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది, ఎత్తు అడుగున్నర. గుణిస్తే ఎంత చోటు ఆక్రమించిందో వస్తుంది. దాన్ని తడిమన్ను సాంద్రతతో గుణిస్తే ఎంత బరువో వస్తుంది. "తొమ్మిది టన్నుల పైమాటే. ఈ వాన పడితే ఇంకా పెరుగుతుంది."

"టన్నులు నాకెందుకు? ట్రిప్పులల్ల చెప్పు."

"మన్ను ట్రిప్పులా, ఊక ట్రిప్పులా?"

ఆ ప్రశ్న ఆయనలో ఎక్కడో దిగింది.  "ఊకవి" అన్నాడు.

"ముప్పైకి పైనే."

ఇంకో ఉరుము. ఈసారి దగ్గరగా.

"అరేయ్!" అని మా ఆయన కోసం అరిచాడు. "ఏడవోయినవ్ రా! ఉరుకు! ఆ మన్ను దించుండ్రి! జల్ది దించుండ్రి!"

"నైరుతికా అన్నా?" అని మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి అమాయకంగా అడిగాడు.

"నీ నైరుతిల మన్నువడ! కిందికి దించు! ఖాళీ జాగల పారబొయ్యి!"

కుర్చీలో మా అత్త ఆకుకు సున్నం రాస్తూ రాస్తూ ఆగింది. కొడుకు ముఖం కేసి చూసింది, పైకప్పు కేసి చూసింది.

"ఏం రా" అంది, "నేను పండుకున్నన్ని దినాలు ఊక ఉండె. నువ్వు పండుకోంగనె మన్నయిందా?"

ఆయన తల అటు తిప్పుకోబోయాడు, నడుము పట్టేసింది. 

మా ఆయన, నేను, నా తోటికోడలు, పొద్దున మోసుకొచ్చిన ఇరుగుపొరుగువాళ్లు, అందరం పైకెక్కాం. మొదట మళ్ల మీద టార్పాలిను కప్పి నీళ్లు పడకుండా చేశాం. తర్వాత ఒక పక్క నుంచి ఎత్తుతూ తట్టలతో, బేసిన్లతో, చేతికందిన గిన్నెలతో దించడం మొదలుపెట్టాం. బీర తీగ తెగింది, టమాట నారు కాళ్ల కింద పడింది. పక్కనున్న ఖాళీ జాగాలో కుప్ప పెరుగుతోంది. వాన మమ్మల్ని తడిపింది కానీ మన్నును పెద్దగా తడపలేకపోయింది. ప్రతి తట్టకూ కింద నుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. "ఇంకెంతుంది? ఇంకెంతుంది?" మా అత్త కిటికీలోంచి చూస్తూ తట్ట తట్టకూ కబురు చెబుతోంది, పైనుంచి ఏం వచ్చిందో, ఎవరు జారబోయారో. ఆమెకు ఇంతకంటే మంచి సాయంత్రం ఈ మధ్య దొరకలేదు.

బరువు తగ్గుతుంటే స్లాబు ఏమీ చప్పుడు చెయ్యదు. కానీ ఒక్కో తట్ట ఎత్తుతుంటే నా ఛాతీ మీద నుంచి తీస్తున్నట్టే ఉంది. బాగా పొద్దుపోయాక ఆఖరి మూల ఊడ్చి, చీపురు పక్కన పడేసి, తడిసిన బట్టలతోనే అత్త గదిలోకి వెళ్లాను. ఆ గది స్లాబును పూర్తిగా కొట్టించి కొత్త చువ్వలు వేయించేదాకా అక్కడ ఎవరూ పడుకోరని, మంచాన్ని కోసైనా సరే బయటికి తీయిస్తానని చెప్పాను. మా అత్త మొదటిసారి కాదనలేదు.

"అయిపోయిందా టీచరమ్మా?" అని మా బావ పైకప్పు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

పైన ఖాళీ అయింది. ఒక్క తట్ట కూడా మిగల్లేదు. ఆ మాట మాత్రం ఆయనకు వెంటనే చెప్పలేదు. "చూస్తున్నాం బావా" అని తల తుడుచుకుంటూ బయటికి వచ్చేశాను. ఇంకాసేపు పైకి చూడనిద్దామనిపించింది. చదువు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి.